తప్పు జవాబులు ఏరుకున్న వానాకాలం

నేను ఫోనులో చెప్పిన మొదటి పాఠానికి నలభై ఒక్క ఫోన్లు కలిశాయి. యాభై అయిదు నిమిషాల తర్వాత ఆరు మిగిలాయి. ఆ ఆరింటిలో ఒకటి నా భార్యది. మాట సరిగ్గా వినిపిస్తోందో లేదో చూడమని నేనే ఆమెను చేర్చాను. ఆమె ఫోనును వంటింట్లో పోపుల డబ్బా మీద నిలబెట్టి, పెరట్లో బట్టలు ఆరేసుకుంటోంది. ఇంకొకటి మా రైతుల సంఘం ఆఫీసు అమ్మాయిది. ఆ పిల్లకు జీతం ఇచ్చేదే అందుకు, కాబట్టి అదీ లెక్కలోకి రాదు. అంటే నలభై ఒకటికి నాలుగు. వందకు పది కూడా కాదు.

నేను లెక్కల మనిషిని. పదో తరగతితో చదువు ఆగిపోయింది కానీ లెక్కలు ఆగలేదు. టేపు పట్టి పొలం కొలవడం, వంకరగా ఉన్న మెట్ట చెలకను ముక్కోణాలుగా కోసి ఎన్ని గుంటల భూమో తేల్చడం, బావిలో ఎన్ని లీటర్ల నీళ్లున్నాయో తాడూ రాయీ వేసి చెప్పడం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. మా తాతలు కృష్ణా వైపు నుంచి వచ్చి పినపాక పక్కన భూమి చేసుకున్నవాళ్లు. మా ఇంటి వెనక నాలుగు చేలు దాటితే అడవి మొదలవుతుంది. ఈ పక్క ఊళ్లవాళ్లూ, ఆ పక్క గూడేలవాళ్లూ కొలత అనే మాట వచ్చిందంటే మా గడపకే వస్తారు. యాభై రెండేళ్లకు నాకున్న పేరు అదొక్కటే.

అందుకే మిరప తోటల్లో పురుగుమందు కొలతల మీద ఫోనులో ఆరు పాఠాలు చెప్పాలని సంఘం అనుకున్నప్పుడు ఆఫీసు అమ్మాయి నేరుగా నా దగ్గరికి వచ్చింది. కారేపల్లి పిల్ల, చురుకైనది.

"అంకుల్, మీకన్నా కరెక్టుగ ఎవరు చెప్తరు? బుధవారం రెండు గంటలకు. ఆన్‌లైన్. అందరూ తిని తీరికగ ఉంటరు," అంది.

నేను ఇరవై రెండు రోజులు కష్టపడి పట్టికలు తయారుచేశాను. లీటరుకు ఎంత, మందు కొట్టే పంపుకు ఎంత, ఎకరానికి ఎన్ని పంపులు, అన్నీ గీతలు గీసి, రెండు రంగుల సిరాతో రాసి, ఫోటోలు తీసి, ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ చదివాను. యాభై రెండు పేజీలు. ఒక్క అంకె తప్పలేదు.

పాఠం అయ్యాక అమ్మాయి ఫోన్ చేసింది. "అంకుల్, మీ క్లాసుల తప్పు ఒక్కటి లేదు."

"అవునమ్మా. రెండుసార్లు సరిచూశాను."

"అదే ప్రాబ్లం అంకుల్," అని నవ్వింది. నాకు కోపం వచ్చింది. కోపం వచ్చినా రాత్రికి భోజనం మానలేదు, అది వేరే సంగతి.

మర్నాడు పొద్దున్నే ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. గూడెంలో ఉండే ఒక చెల్లె పంపింది. ముప్ఫై ఏళ్లుంటాయి. వాళ్లకు మూడెకరాలు. ఇన్నాళ్లూ ఆమె బావ, అంటే భర్త అన్న, మొత్తం పత్తే వేసేవాడు. ఈ ఏడు ఆమె పట్టుబట్టి, ఎకరంన్నరలో తను మిరప వేస్తానంది. భూమి మీద మాట వాళ్ల అత్తది. అత్త ఒప్పుకుంది కానీ ఒక్క పంటకే. తోట మాడినా, ముడత పట్టి పోయినా, ఆ ఎకరంన్నర మళ్లీ బావ పత్తిలో కలిసిపోతుంది. ఇంకోసారి అడగడానికి లేదు. ఆమె నారు నాటి అప్పటికి పద్దెనిమిది రోజులు.

"అన్నా, నువ్ చెప్పింది మొత్తం కరెక్టే ఉంటది. గని నా పంపుల ఎన్ని మూతలు పొయ్యాల్నో ఒక్క మాట చెప్పు. వచ్చే వారం ఆఖరుకు కొట్టాలె."

ఇంత పట్టిక చూపించాక కూడా ఈ ప్రశ్నా అనుకుంటూ ఫోన్ చేశాను.

"నీ పంపు ఎన్ని లీటర్లు చెల్లె?"

"పంపంత."

"అదే, ఎన్ని నీళ్లు పడతయ్?"

"నిండుగ పడతయ్."

"సరే. మందు సీసా మూత ఎంత?"

"మూతంతనే ఉంటది. ఏందన్నా, నేను నిన్నడిగితె నువ్వు నన్నడుగుతున్నవ్?"

నా దగ్గర యాభై రెండు పేజీలున్నాయి, ఆమెకు చెప్పడానికి ఒక్క మాట లేదు. ఇంకొకరైతే ఏదో ఒక అంకె చెప్పి పెట్టేసేవాళ్లు. నాకు చేతకాదు. బండి తీసి తొమ్మిది కిలోమీటర్లు పోయాను.

గూడెంలో ఫోను సిగ్నల్ ఒకే చోట అందుతుంది. మంచినీళ్ల ట్యాంకుకు ఉన్న సిమెంటు మెట్ల మీద, అదీ కింది నుంచి నాలుగో మెట్టు దాటాక. నేను పోయేసరికి ఆ మెట్ల మీద ఆడవాళ్లు నిండి ఉన్నారు. ఆ చెల్లె ఎదురొచ్చి నవ్వింది.

"నిన్న నీ పాఠం విన్నది నేనొక్కదాన్నే అనుకున్నవా అన్నా? గీ మెట్ల మీద పద్నాలుగుమందిమి కూసున్నం."

"పద్నాలుగుమందా? మరి చివరిదాకా విన్నరా?"

పైమెట్టు మీదున్న పెద్దామె అందుకుంది. "విన్నం బిడ్డా. నువ్ చెప్తాంటె మస్తు పనైంది. వారం బియ్యం ఏరుడు ఒక్కపూటనే ఒడిసింది. మల్ల ఎప్పుడు చెప్తవ్? కందిపప్పు ఉన్నది."

అందరూ ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చింది. ఫోన్లు లెక్కపెట్టి మనుషులను లెక్కపెట్టాననుకున్నానే అని లోపల చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది.

పంపు తెమ్మన్నాను. వీపుకు తగిలించుకునే ప్లాస్టిక్ పంపు. దాని మీద అచ్చు వేసిన గీతలూ అంకెలూ ఎప్పుడో చెరిగిపోయాయి. నా దగ్గర లీటరు నీళ్ల సీసా ఉంది. దానితో పోసి చూద్దామని మూత తీశాను. పోయబోతూ, ఏదో తోచి కాదు, ఊరికే, నోటికొచ్చింది కాబట్టి అడిగాను.

"ఎన్ని సీసాలు పడతయో చెప్పండి చూద్దాం."

"పది!" అంది ఒకామె. "పదేంది, ఇరవై," అంది ఇంకొకామె. "ఇరవై అయిదు. మోస్తె నడుము ఇరుగుతది గద." "పదిహేను." పైమెట్టు పెద్దామె చెయ్యి ఊపింది. "పన్నెండు. పన్నెండు దాటితె నా ముక్కు కోసుకుంట."

మొదటి సీసా పోశాను. రెండు, మూడు. మెట్ల మీదున్నవాళ్లు ఒక్కొక్కరే దిగి పంపు చుట్టూ చేరారు. ఎనిమిదో సీసాకు నా మీద నీడ పడింది. పన్నెండో సీసా పోసేటప్పుడు అందరి తలలూ పంపు మూతి మీదికి వంగాయి. పంపు నిండలేదు. పదమూడోది పోయగానే ఒకటే గోల. "పెద్దమ్మా, ముక్కు తే! కత్తిపీట తేరే ఎవరన్నా!" పెద్దామె రెండు చేతులతో ముక్కు మూసుకొని ట్యాంకు వెనక్కి పోయి దాక్కుంది. పదహారు దగ్గర లోపలి మెడ అంచు వచ్చింది, పద్దెనిమిదికి మూతి దాకా పొంగింది. కంపెనీ లెక్క ప్రకారం పదహారు దగ్గర ఆపాలి. వీళ్లు "నిండుగ" అంటే పద్దెనిమిది. మేకుతో పదహారు దగ్గర గీత గీశాం.

తర్వాత మూత. దవాఖానాలో పిల్లల మందుకిచ్చే సిరంజి ఒకరింట్లో దొరికింది. దానితో నీళ్లు ఎక్కించి చూస్తే ఆ సీసా మూతకు ఎనిమిది మిల్లీలు పట్టింది. ఆమె తెచ్చిన మందు లీటరుకు రెండు మిల్లీలు. పదహారు రెళ్లు ముప్ఫై రెండు. ముప్ఫై రెండుకు నాలుగు మూతలు. మట్టిలో పుల్లతో వేసి చూపించాను. ఆ చెల్లె కూడా పుల్ల తీసుకొని పక్కనే మళ్లీ వేసింది.

"సరే, ఇప్పుడు మందనుకొని నీళ్లు పొయ్యి," అన్నాను.

నాలుగు మూతలు పోసింది. బాగానే ఉంది. పోసి, ఐదోది నింపి వంచబోయింది.

"అదేంది చెల్లె?"

"కొసరన్నా."

మా వైపు ఏది కొలిచినా కొలత అయ్యాక కాస్త పైన వెయ్యాలి. పాలైనా, పచ్చిమిరపకాయలైనా, అలసందలైనా. వెయ్యకపోతే మొహం మీదే అనేస్తారు.

"మనిషికి పెట్టేకాడనే కొసరు పెడతం. చెట్టు నోరులేనిది. దానికి పెట్టేకాడ పిసినారితనం చేస్తమా?" అంది ఆమె. మిగతా పదమూడుమందీ అవ్, అవ్ అన్నారు.

మందు ఒక మూత ఎక్కువైతే లేత ఆకు ఏమవుతుందో నాకు తెలుసు. పుస్తకంలో చదివి కాదు. కానీ ఎలా తెలుసో చెప్పడానికి ఆ రోజు నోరు రాలేదు. "వద్దు చెల్లె, మాడిపోతది," అని మూత లాక్కున్నాను. ఆమె తల ఊపింది కానీ నమ్మిన మొహం కాదు అది. ఎకరంన్నర తోటకు, ఆమె ఏడాదికి, ఆ ఐదో మూతే అడ్డం ఉంది. నేను పక్కన లేని రోజున ఆ చెయ్యి మళ్లీ వంగుతుంది.

తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా లెక్క వేసుకున్నాను. పంపులో నీళ్లు పోసింది పన్నెండు నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలూ పద్నాలుగుమందిలో ఒక్కరు బియ్యం ముట్టుకోలేదు. నేను చెప్పింది ఏమీ లేదు. అడిగింది ఒక్క మాట. అడిగాక, జవాబు బయటపడేదాకా ఆలస్యమైంది, అంతే. యాభై రెండు పేజీల్లో నేను జవాబులే పెట్టాను. వాటికి ప్రశ్న ఎవరి దగ్గరుందో చూడలేదు.

రెండో పాఠానికి పట్టికలన్నీ తీసేశాను. ఒక కథ రాసుకున్నాను. నా భార్య బియ్యంలో నీళ్లు పోస్తూ అడిగింది. ఆమెది ఎర్రుపాలెం, మాట మెత్తగానే ఉంటుంది, కొస మాత్రం గుచ్చుకుంటుంది.

"ఎవరి కథండీ?"

"ఒక రైతుది."

"ఏ ఊరు రైతు?"

"ఏదో ఊరు. నీకెందుకు?"

ఆమె నవ్వుకుంటూ పొయ్యి వైపు తిరిగింది. అప్పుడే అనుమానించాల్సింది.

బుధవారం రెండు గంటలకు ముప్ఫై మూడు ఫోన్లు వచ్చాయి. ముందుగా ఒక్కో ఫోను దగ్గర ఎందరున్నారో అడిగి రాసుకున్నాను. డెబ్భై ఒక్కమంది. కథ మొదలుపెట్టాను.

ఒకాయన ఉన్నాడు. లెక్క బాగా వచ్చని పేరు. కొత్తగా మిరప వేశాడు. పంపు పదహారు లీటర్లు, లీటరుకు రెండు మిల్లీలు, ఆయన మూతకు ఎనిమిది. నాలుగు మూతలు. పొద్దున్నే లేచి, గాలి చూసుకొని, ఎండ రాకముందే పద్నాలుగు సాళ్లు కొట్టాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని పడుకున్నాడు. మూడో రోజు పోయి చూస్తే ఆ పద్నాలుగు సాళ్లలో లేత ఆకులన్నీ అంచులు కాలి గోధుమరంగులోకి తిరిగాయి. పక్క సాళ్లు పచ్చగా ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి. ఆయన ఎక్కడ తప్పు చేశాడు?"

ఎవరూ మాట్లాడలేదు. ఇంతకుముందైతే మూడు సెకన్లకే నేనే జవాబు చెప్పి ముందుకు పోయేవాణ్ని. ఈసారి గోడ గడియారం ముల్లు చూస్తూ పళ్లు బిగబట్టాను. ఏడు, ఎనిమిది, తొమ్మిది. అంత పొడుగు మౌనం నా జన్మలో ఎరగను. పదకొండో సెకనుకు ఎవరో మగాయన గొంతు, "మందే దొంగది అయ్యుంటది," అంది. ఇక ఆగలేదు. "ఎండకు కొట్టిండు." "ఎండ రాకముందే అన్నడు గదనే, విను!" "పాత మందు మిగిలిన పంపు కడగలే." "దిష్టి తగిలింది." ఒక్కో జవాబుకూ నేను "అయ్యుండొచ్చు, ఎలా తెలుసుకుంటాం?" అన్నాను తప్ప అవుననీ కాదనీ అనలేదు.

అప్పుడు గూడెం చెల్లె గొంతు వినిపించింది. నెమ్మదిగా, ఆలోచిస్తూ.

"అన్నా, మూతలు లెక్కపెట్టిండు సరే. మూత కొలిసిండా?"

గడియారం వదిలి ఫోనుకు దగ్గరగా జరిగాను. "కొలిచాడమ్మా, పాత సీసా మూత కొలిచాడు. ఆ రోజు తెరిచింది కొత్త సీసా. దాని మూతకు పదిహేను పడుతుంది. ఆయన చూసుకోలేదు."

"నాలుగు పదిహేన్లు అరవై," అని ఎవరో చిన్నపిల్ల గొంతు అంది.

"అరవై. కానీ పంపులో పడింది అరవై కాదు. డెబ్భై అయిదు. ఎందుకు?"

ఈసారి నాలుగు సెకన్లే పట్టింది. ట్యాంకు మెట్ల మీద నుంచి పద్నాలుగు గొంతులు ఒక్కసారి అరిచాయి. "కొసరూ!"

ఆ అరుపుకు నా చేతిలో ఫోను అదిరింది. నవ్వులు ఆగాక చెల్లె మళ్లీ అడిగింది. "ఇంతకీ ఆయనెవరన్నా? గంత లెక్క తెలిసినోడు గట్లెట్ల చేసిండు?"

ఏదో ఊరు రైతని చెప్పబోయాను. అంతలో వంటింట్లో నుంచి, పోపుల డబ్బా మీదున్న ఫోనులో నుంచి, డెబ్భై ఒక్కమందికీ వినపడేలా నా భార్య గొంతు వచ్చింది.

"ఇంకెవరమ్మా, ఈయనే!"

పంతొమ్మిదేళ్లుగా ఆమెకు తెలుసట. ఎండకు మాడిందని నేను ఊరంతా చెప్పుకొని తిరుగుతున్నప్పుడు, పెద్ద మూత ఉన్న ఖాళీ సీసాను గుంతలో పూడ్చింది ఆమేనట. "చెప్తే చిన్నబుచ్చుకుంటారని ఊరుకున్నా. అప్పుడు మూతలు లెక్కపెట్టారు, మొన్న ఫోన్లు లెక్కపెట్టారు. లోపల ఎంతుందో మాత్రం చూడరు," అంది. నవ్వి నవ్వి ఆఫీసు అమ్మాయికి ఎక్కిళ్లు వచ్చాయి. నాకు సిగ్గేసింది, కానీ మోసుకొస్తున్న మూట ఏదో దించినట్టు భుజాలు తేలికయ్యాయి. ఆ రోజు చివర్న ఒక్క ఫోనూ తగ్గలేదు. రెండు పెరిగాయి.

కిటుకు దొరికిందని పొంగిపోయి మూడో పాఠం చెడగొట్టుకున్నాను. అందులో ఒక బుద్ధిమంతుడైన రైతును పెట్టాను. ముక్కుకు గుడ్డ కట్టుకుంటాడు, చేతులకు తొడుగులు వేసుకుంటాడు, గాలివాలు చూస్తాడు, సీసా మీద రాసింది చదువుతాడు. నేను ఆపి, "ఈయన చేసింది మంచిదా కాదా?" అని అడిగితే అందరూ బడిపిల్లల్లా "మంచిదీ" అన్నారు. తర్వాత పెద్దామె గొంతు, "అసొంటి మొగోడు ఏ ఊళ్ల ఉంటడు బిడ్డా? నా మనవరాలికి సంబంధం చూస్తున్నం," అంది. పాఠం అక్కడితో అయిపోయింది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. జవాబులు నా దగ్గర ఎలాగూ ఉన్నాయి, తప్పు జవాబులు ఊళ్లో నుంచి తెచ్చుకోవాలనుకున్నాను. సొంతంగా ఊహించి రాసిన తప్పు జవాబును ఎవరూ పట్టుకోరు. నిజంగా ఎవరో చేసే తప్పు అయితేనే వినేవాళ్లు ఉలిక్కిపడతారు. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా బండి మీద పోయి, గట్ల మీద కూర్చొని, ఎలా కొడుతున్నారో చూసి, ఎందుకలా అని అడిగి రాసుకున్నాను. సబ్బుపొడి కలిపితే మందు బలం పెరుగుతుందని ఒకాయన. మంచు మీద కొడితే నీళ్లు కలిసొస్తాయని ఒకామె. రెండు మందులు కలిస్తే రెండు పురుగులు పోతాయని మరొకాయన. పక్క చేనులో ఏది వాసనొస్తే అదే తెచ్చి కొడతానని ఇంకొకాయన, అదీ ముక్కు ఎగబీల్చి చూపిస్తూ. ముప్ఫై ఏడు అయ్యాయి. తప్పు చేసినందుకు ఎవరినీ తప్పుపట్టలేదు. తప్పు ఇచ్చినందుకు థాంక్స్ చెప్పి టీ తాగి వచ్చేవాణ్ని. ఒకాయన వెనక నుంచి కేకేసి, "అన్నా, ఇంకోటున్నది, రాసుకుంటవా?" అని ఆపాడు.

నాలుగో పాఠంలో ఆ తప్పులతోనే కథ నడిచింది. ఎవరి తప్పు వచ్చినప్పుడు వాళ్లు "గది నాదే!" అని గొప్పగా అరిచారు.

ఐదో పాఠం రోజున చలి మొదలైంది, తోటలు పూతకొచ్చాయి. ట్యాంకు మెట్ల మీద పదమూడుమందే ఉన్నారు. చెల్లె లేదు. అడిగితే, "చేన్ల ఉన్నది, ఆకు ముడత పడుతున్నదట," అన్నారు. ఆ పాఠం ఎలా చెప్పానో నాకు గుర్తులేదు. చేలో సిగ్నల్ ఉండదు. సాయంత్రం దాకా పదకొండుసార్లు ఫోన్ చేశాను. మర్నాడు పొద్దున ఆమె దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది.

"నేను బాగనే ఉన్న అన్నా. ఏమైందో ఆరో క్లాసుల చెప్త. ఇప్పుడే చెప్తె ఏం మజా?"

నా భార్యకు వినిపించాను. "మీరు నేర్పిన విద్యే కదా, అనుభవించండి," అంది.

ఆరో పాఠం మొదటి కోత అయ్యాక పెట్టుకుందామని ముందే అనుకున్నాం. అందాకా యాభై అయిదు రోజులు. గూడేనికి పోయి చూసి రావచ్చు. రెండుసార్లు బండి తీశాను, రెండుసార్లూ వెనక్కి తిప్పాను. ఆమె చెప్తానంది, విందామని.

ఆ బుధవారం నేను అందరికీ దండం పెట్టి, "ఇవాళ కథ చెల్లెది," అని ఊరుకున్నాను. ఆమె గొంతు సవరించుకుంది.

"పూత మీదున్నది. ఆకు పైకి దోనె లెక్క ముడుసుకుంటున్నది. మా బావ వచ్చి చూసిండు. సీసా తెచ్చి గట్టు మీద పెట్టి, 'రెండింతలు కొడితెగని దిగది. మూడు రోజులు చూస్త, నువ్వు కొట్టకుంటె నేనే కొడ్త' అన్నడు. చేన్ల నేనొక్కదాన్నే. ఫోను కలవది. ఇప్పుడు నేనేం చేసిన్నో చెప్పుండ్రి."

జవాబులు పడ్డాయి. కొట్టింది. కొట్టలేదు. ఏడ్చింది. మెట్ల దాకా ఉరికి నాకు ఫోన్ చేసింది. ఆమె ఒక్కదానికీ లొంగలేదు. అందరూ అయిపోయాక చెప్పింది.

"మా అత్తను చేన్లకు తోలుకొచ్చిన. 'అత్తా, నువ్వైతె ఏం చేస్తవ్?' అన్న. 'ముందుగాల పురుగున్నదో లేదో చూడాలె గద' అన్నది. తెల్ల తువ్వాల పరిచి పది పూలు దులిపింది. ఎన్ని రాలినయో చెప్పుండ్రి."

"వంద!" "యాభై!" నేను కూడా చెప్పాను, ముప్ఫై అని.

"నాలుగు. గంతే. నాలుగింటికి రెండింతలు కొట్టి తోట మాడగొట్టుకోవాల్నా? నీలం అట్టలకు పురుగు అంటుకునేటట్టు ఆముదం పూసి కట్టెలకు ఏలాడదీసినం. వేపనూనె కొలత ప్రకారం కొట్టిన. మూడో దినం మా బావ పంపు వీపుకేసుకొని వచ్చిండు. 'బావా, నువ్వే పది పూలు దులుపు' అన్న. దులిపిండు. ఒక్కటి రాలింది. అది కూడ సచ్చిందే. మాట్లాడకుంట పంపు మోసుకొని పోయిండు."

నేను కళ్లజోడు తుడుచుకున్నాను. ఆమె ఇంకా ఆపలేదు.

"మొన్న మొదటి కోత అయింది. కల్లంల ఎర్రగ పరిసినం, ఎవలన్న వచ్చి చూసుకోవచ్చు. ఇగ ఆఖరిది. వచ్చే ఏడు మిర్చికి మా అత్త నాకు ఎంత భూమి ఇస్తనన్నదో చెప్పుండ్రి."

ఇది నా లెక్క. పంట నిలబడింది కాబట్టి భూమి వెనక్కి తీసుకోదు. పెద్దవాళ్లు ఒక్క పంట చూసి పెంచరు కాబట్టి ఎక్కువా ఇవ్వదు. "ఎకరంన్నర," అన్నాను, అందరికన్నా ముందు.

"తప్పన్నా," అని ఆమె కిలకిలా నవ్వి ఫోను ఎవరికో ఇచ్చింది. కాసేపు గాలి చప్పుడు. గూడెంలో మాట్లాడుకునే వాళ్ల సొంత భాషలో ఏదో మాట, తర్వాత తెలుగులో ముసలి గొంతు. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

"మూడెకరాలు. మొత్తం ఇస్తున్న. మిర్చి కాసిందని కాదు సారూ. కాపు ఈ ఏడుంటది, మల్ల ఏడు ఉండది. ఈ పిల్ల చేన్లకు తోలుకపోయి నన్నడిగింది, అత్తా నువ్వైతె ఏం చేస్తవని. నలభై ఏండ్ల సంది ఆ చేన్ల పని చేసిన. నాకేం తెలుసో ఒక్కరన్న అడగలే."

నేను రాసుకున్న ముప్ఫై ఏడు తప్పుల కింద నా ఎకరంన్నర కూడా రాసుకున్నాను. తర్వాత ఫోను మళ్లీ చెల్లె చేతిలోకి వచ్చింది.

"అందరూ విన్నరు గద? రేపు మాట మార్చిందంటె మీరే సాక్ష్యం!"

వెనక నుంచి అత్త ఏదో తిట్టింది. మెట్ల మీద మళ్లీ నవ్వులు లేచాయి.